‘పాత టీవీలోనే బొమ్మ బాగుండేదండీ!’

(రాజమండ్రిలో ముప్పై ఏళ్లకు పైగా టీవీలు బాగుచేస్తున్న ఒక మెకానిక్ ఆదివారం సాయంత్రం మా కాలనీ కమ్యూనిటీ హాల్లో మాట్లాడిన మాటలివి. ఫోన్‌లో రికార్డు చేసుకుని, రాలేకపోయినవాళ్ల కోసం టైపు చేశాం. తడబాట్లు తీసేశాం, మాటలు మార్చలేదు.)

అందరికీ నమస్కారం. వెనక నిలబడ్డవాళ్లు కూర్చోండి బాబూ, కుర్చీలున్నాయి. మైకు వినిపిస్తోందా? వినిపిస్తోందిగా? సరే.

నేను ఉపన్యాసాలిచ్చే మనిషిని కాదు. స్క్రూడ్రైవర్ పట్టుకునే చేతికి మైకిచ్చారు మీ సెక్రటరీ గారు. ఎందుకిచ్చారంటే, గడిచిన రెండు నెలల్లో ఈ కాలనీకి నేను పదకొండు సార్లు వచ్చాను. పదకొండు ఇళ్లలోనూ కొత్త టీవీలే. అందరిదీ ఒకటే కంప్లయింటు. ‘అంత డబ్బు పోసి కొన్నాం, బొమ్మ మసకగా ఉంది. పాత టీవీలోనే బాగుండేదండీ!’ ఈ మాట ఇక్కడున్నవాళ్లలో ఎంతమంది అన్నారు? చేతులెత్తండి. అమ్మో. సగం హాలు లేచింది.

ఆ పదకొండు టీవీల్లో నిజంగా పాడైన టీవీ ఎన్ని? ఒక్కటి. ఒక్కటంటే ఒక్కటే. మిగతా పదింట్లో నేను స్క్రూ కూడా విప్పలేదు. రిమోట్‌తోనే అయిపోయింది. విజిటింగ్ చార్జీ మాత్రం తీసుకున్నాను, అది వేరే సంగతి.

కాబట్టి మెకానిక్‌కి ఫోన్ చేసేముందు మీరే చేసుకోగల పరీక్ష ఒకటి చెబుతాను. టీవీ రిమోట్ తీసుకోండి. డిష్ రిమోట్ కాదమ్మా, టీవీ రిమోట్. సెట్టింగ్స్ నొక్కండి. తెర మీద మెనూ వస్తుంది. దాని అక్షరాలు చూడండి. అంచులు కోసినట్టు శుభ్రంగా ఉన్నాయా? ఉంటే మీ టీవీ తెర బంగారంలా ఉన్నట్టే. ఎందుకంటే ఆ మెనూ బయటనుంచి రాలేదు, టీవీ తన కడుపులోంచి తనే తీసి చూపిస్తోంది. మెనూ బాగుండి సినిమా బాగోలేదంటే తప్పు బయటనుంచి వచ్చేదాంట్లోనో, దాన్ని మనం చూసే పద్ధతిలోనో ఉంటుంది. అదే మెనూ మీద కూడా నిలువు గీత ఉందనుకోండి, ఒక పక్క చీకటిగా ఉందనుకోండి, అప్పుడు అది తెర జబ్బు. వారంటీ కాగితాలు వెతుక్కోండి. ఆ ఒక్క టీవీ అలాంటిదే. వెనక వెలుగిచ్చే ఎల్‌ఈడీ పట్టీ ఒకటి పోయింది, కింద సగం చీకటి. ఆ మెనూ కూడా కింద సగం చీకటే.

నూతిలో ఉంటేనే కదా చేదలోకి వచ్చేది అంటారు మన పెద్దవాళ్లు. టీవీ ఆ చేదలాంటిదండీ. నూతి ఎక్కడో ఉంది. అక్కణ్నుంచి మొదలుపెట్టాలి. మనమేం చేస్తాం? చేదని తోముతూ కూర్చుంటాం.

దానవాయిపేటలో ఒక మాస్టారింటి సంగతి చెబుతాను. లెక్కలు చెప్పి రిటైరయ్యారు. ఉగాదికి 55 అంగుళాల 4కే టీవీ కొన్నారు. వారం తిరక్కుండా నాకు ఫోన్. ‘ఏమయ్యా, డిఫెక్టు పీసు అంటగట్టారు, నువ్వొచ్చి చూసి రాసిస్తే షాపువాడి మీద పడతాను’ అన్నారు. వెళ్లాను. ఆయన కుర్చీలో కూర్చోబెట్టారు. సాయంత్రం సీరియల్ వస్తోంది. నిజం చెప్పాలంటే ఘోరంగా ఉంది. హీరోయిన్ మొహం మైనం ముద్దలా ఉంది. చీర ఎరుపు అంచు దాటి గోడ మీదకి కారుతోంది. మనుషులందరూ పొట్టిగా, లావుగా ఉన్నారు. కింద స్క్రోలింగ్ అక్షరాల చుట్టూ తెల్లటి నీడ.

టీవీ వెనక్కి చెయ్యి పెట్టాను. ఏం దొరికిందనుకుంటున్నారు? ఎరుపు, తెలుపు, పసుపు తీగలు. ఆ మూడు తీగల వైరు మీ అందరికీ తెలుసు. పాత టీవీకి ఉన్న వైరునే తీసి జాగ్రత్తగా కొత్త టీవీకి తగిలించారు. మనం ఏదీ పారేయం కదా.

ఆ మూడింట్లో ఎరుపు, తెలుపు సౌండుకి. బొమ్మంతా వచ్చేది పసుపు తీగ ఒక్కదాంట్లోనే. వెలుగు, రంగు అన్నీ కలిపి ఒకే తీగలో తోసేస్తారు. టీవీ దాన్ని మళ్లీ విడదీయాలి. సాంబారులోంచి పప్పు, పులుసు వేరుచేసినట్టన్నమాట. పూర్తిగా ఎక్కడ విడుతుంది? అందుకే రంగు అంచు దాటి కారుతుంది. పైగా ఆ పసుపు తీగ హెచ్‌డీని, అంటే చుక్కలెక్కువుండే సన్నటి బొమ్మని, మోయలేదు. మీ సెట్‌టాప్ బాక్సు హెచ్‌డీదైనా, ఛానెల్ హెచ్‌డీదైనా, నెలనెలా మీరు హెచ్‌డీకే డబ్బు కడుతున్నా, ఆ తీగలోంచి వచ్చేది చుక్కలు తక్కువుండే పాత ఎస్‌డీ బొమ్మే.

మాస్టారి బాక్సు వెనక హెచ్‌డీ మోసే హెచ్‌డీఎంఐ వైరుకి రంధ్రం ఉంది. బాక్సుతోపాటు వచ్చిన హెచ్‌డీఎంఐ వైరు ఎక్కడుంది? అట్టపెట్టెలో. అట్టపెట్టె అటక మీద. ప్లాస్టిక్ కవరు కూడా విప్పలేదు. తీసి తగిలించాం, టీవీలో ఇన్‌పుట్ మార్చాం. రంగు కారడం ఆగింది. కానీ మాస్టారి మొహం ఇంకా విప్పారలేదు. ‘కొంచెం నయం. కానీ పాత టీవీ అంత లేదు’ అన్నారు.

ఏ ఛానెల్ చూస్తున్నారని అడిగాను. నంబరు చెప్పారు. పదేళ్లుగా అదే నంబరట, వేళ్లకి అలవాటైపోయింది. అది ఎస్‌డీ ఛానెల్ నంబరు. అదే ఛానెల్ హెచ్‌డీలో ఇంకో నంబరు మీద వస్తోంది, ప్యాకులో దానికి డబ్బులూ కడుతున్నారు. ఏడాదిగా కడుతున్నారు, ఒక్కరోజు కూడా చూళ్లేదు. నవ్వకండి, మీలో ఎంతమంది ఇంటికెళ్లి చెక్ చేసుకుంటారో నాకు తెలుసు. మన తెలుగులో స్టార్ మా, జీ తెలుగు, జెమినీ, ఈటీవీ లాంటి పెద్ద ఛానెళ్లకి హెచ్‌డీ విడిగా ఉంది. ఎస్‌డీ నంబరు కొట్టినంతమాత్రాన బాక్సు తనంతట తను హెచ్‌డీకి తీసుకెళ్తుందని అనుకోకండి. న్యూస్ ఛానెళ్ల విషయంలో మాత్రం ఆశ పెట్టుకోకండి. మన ఇళ్లకి వచ్చే తెలుగు న్యూస్ చాలావరకు ఎస్‌డీలోనే వస్తోంది. అక్కడ నేనేం చెయ్యలేను, టీవీ ఏం చెయ్యలేదు.

ఇక్కడ మాస్టారికి చెప్పిన లెక్కే మీకూ చెబుతాను. లెక్కల మాస్టారికి లెక్క చెప్పడం నా అదృష్టం.

టీవీ బొమ్మంటే చుక్కలు. ముగ్గులో చుక్కల్లాగే. ఎస్‌డీ బొమ్మలో అడ్డంగా 720, నిలువుగా 576. గుణిస్తే 4,14,720 చుక్కలు. అది కూడా పూర్తిగా పంపిస్తేనే. ఫుల్ హెచ్‌డీలో అడ్డంగా 1920, నిలువుగా 1080. 20,73,600 చుక్కలు, అంటే ఎస్‌డీకి అయిదు రెట్లు. 4కేలో 3840, 2160. మొత్తం 82,94,400. ఇప్పుడు దాన్ని ఎస్‌డీతో భాగించండి. ఎంతొచ్చింది? సరిగ్గా ఇరవై. శేషం కూడా లేదు.

అంటే ఏమిటి? మీ 4కే టీవీ మీద ఎస్‌డీ ఛానెల్ పెట్టారంటే, తెర మీద ప్రతి ఇరవై చుక్కల్లో ఒక్కదానికే సరుకు వచ్చింది. మిగతా పంతొమ్మిది టీవీ తనే ఊహించి పెట్టుకుంటోంది. ఒక ఇడ్లీని ఇరవైమందికి పంచినట్టు. పంచుతుంది పాపం, ఎవరినీ ఖాళీ విస్తరితో లేపదు. కానీ ఎవరికి నిండుతుంది? మొహం మైనంలా ఉందంటే అందుకే. చర్మం మీద ఉండాల్సిన వివరం రానేలేదు. లేనిదాన్ని నున్నగా పూసేసింది.

మరి పాత టీవీలో ఎందుకు బాగుండేది? మంచి ప్రశ్న. అబద్ధం కాదు, నిజంగానే బాగుండేది. పాత 21 అంగుళాల డబ్బా టీవీ తెర ఎత్తు పన్నెండున్నర అంగుళాలు. ఎస్‌డీ బొమ్మని తెర ఎత్తుకి ఆరు రెట్ల దూరంలో కూర్చుని చూస్తే అందులో లోపాలు మామూలు కంటికి తెలియవని ఈ రంగంలో ఒక లెక్క ఉంది. పన్నెండున్నర ఆర్లు డెబ్బై అయిదు అంగుళాలు. ఆరడుగుల పైచిలుకు. మనం ఎనిమిది, పది అడుగుల్లో మంచం మీద కూర్చుని చూసేవాళ్లం. ఇంక ఏ లోపం కనపడుతుంది? ఇప్పుడు 55 అంగుళాల టీవీ తెర ఎత్తు 27 అంగుళాలు. ఆర్లు పెట్టండి. పదమూడున్నర అడుగులు. మీ హాలేమో పెరగలేదు, సోఫా అక్కడే ఉంది, టీవీ పెరిగింది. అదే ఎస్‌డీ బొమ్మని భూతద్దంలో పెట్టి చూస్తున్నారు.

అదే హెచ్‌డీకైతే ఎత్తుకి మూడు రెట్లు చాలు. 27 మూళ్లు 81, ఏడడుగుల లోపే. 4కేకి ఒకటిన్నర రెట్లు, మూడున్నర అడుగులు. దీంట్లో ఇంకో సంగతి దాగుంది, షాపువాళ్లు చెప్పనిది. పదడుగుల దూరంలో కూర్చుని 55 అంగుళాల టీవీ చూస్తే, మంచి హెచ్‌డీకీ 4కేకీ తేడా మీ కంటికి పెద్దగా అందదు. 4కే ఛానెల్ రావట్లేదని బాధపడకండి. ముందు హెచ్‌డీ సరిగ్గా రప్పించుకోండి.

మాస్టారికి హెచ్‌డీ నంబరు కొట్టి చూపించాను. ఈసారి ఆయన కుర్చీలోంచి లేచి టీవీ దగ్గరికొచ్చారు. ‘ఈవిడకి మొటిమలున్నాయయ్యా’ అన్నారు.

అయిపోయిందనుకున్నారా? ఇంకా ఉంది. బాక్సు లోపల కూడా ఒక సెట్టింగు ఉంటుంది. బొమ్మని ఎంత సైజులో బయటికి పంపాలన్నది. మెనూలో వీడియో సెట్టింగ్సో, హెచ్‌డీ రిజల్యూషనో, ఏదో పేరుతో ఉంటుంది. అక్కడ 576పీ, 720పీ, 1080ఐ, 1080పీ అని కనిపిస్తాయి. అంకె నిలువు చుక్కల లెక్క. పీ అంటే బొమ్మ మొత్తం ఒకేసారి, ఐ అంటే గీత విడిచి గీత. మాస్టారి బాక్సు 576పీ మీద ఉంది. అంటే పైనుంచి హెచ్‌డీ వస్తోంది, వైరు హెచ్‌డీది, టీవీ 4కే, మధ్యలో బాక్సు దాన్ని ఎస్‌డీగా కుదించి పంపుతోంది. బిందె నిండా నీళ్లు, మూతి దగ్గర గరాటు. 1080 పెట్టాం. మీ బాక్సులో ‘పీ’ ఉంటే పీ, ‘ఐ’ మాత్రమే ఉంటే ఐ. మన దగ్గర ప్రసారమే చాలావరకు 1080ఐలో వస్తుంది కాబట్టి దానికోసం బెంగ వద్దు.

మనుషులు పొట్టిగా, లావుగా ఉండటం గురించి చెప్పలేదు కదూ. పాత కార్యక్రమాలు, పాత సినిమాలు నాలుగుకి మూడు కొలతలో తీసినవి. కొత్త టీవీ పదహారుకి తొమ్మిది. ఆ చిన్న బొమ్మని అటూ ఇటూ లాగి తెరంతా నింపితే అడ్డం మూడోవంతు పెరుగుతుంది. సన్నగా ఉండే మనిషి కూడా పెళ్లయిన పదేళ్లకి కనపడే మనిషిలా అయిపోతాడు. దీనికి బాక్సులోనూ, టీవీలోనూ రెండు చోట్లా సెట్టింగు ఉంటుంది. టీవీలో పిక్చర్ సైజు అనో, యాస్పెక్ట్ రేషియో అనో ఉంటుంది. ‘జూమ్’, ‘వైడ్ జూమ్’ లాంటివి తీసేయండి. అక్కడే ఇంకోటి ఉంటుంది. ఎల్‌జీలో జస్ట్ స్కాన్ అంటాడు, శాంసంగ్‌లో ఫిట్ టు స్క్రీన్ లాంటి పేరు, సోనీలో ఫుల్ పిక్సెల్. అది ఆన్ చెయ్యండి. లేకపోతే టీవీ బొమ్మని కొద్దిగా పెద్దది చేసి అంచులు కోసేస్తుంది. పాత డబ్బా టీవీల కాలం నాటి అలవాటది. స్క్రోలింగ్ సగం తెగి కనిపిస్తోందా? అదే కారణం. అంచులు పోవడం ఒక్కటే కాదు, చుక్కకి చుక్క సరిపోకుండా పోయి మొత్తం బొమ్మ మెత్తబడుతుంది.

మాస్టారి భార్య గారు అంతవరకూ ఏం మాట్లాడలేదు. కాఫీ ఇచ్చి నిలబడ్డారు. పాత సినిమా పెట్టి, కొలత సరిచేసి, అటూ ఇటూ నల్లటి పట్టీలొచ్చాక అప్పుడన్నారు. ‘డబ్బులు మొత్తం టీవీకి ఇచ్చాం కదా బాబూ, ఈ పక్కలు ఎందుకు ఖాళీగా పెడుతున్నావు?’ అని. దానికి నా దగ్గర జవాబు లేదు. కొత్త స్కోప్ సినిమాలకైతే పట్టీలు పైనా కిందా వస్తాయి, రెండూ కలిపి తెరలో దాదాపు పావు వంతు. అది టీవీ తప్పు కాదు, సినిమా హాలు తెర ఆకారం అది.

ఇప్పుడు రంగుల దగ్గరికొద్దాం.

షాపులో టీవీ చూశారు. పక్కపక్కనే నలభై టీవీలు, పైన ట్యూబులైట్లు. ఆ గుంపులో మీ కన్ను పడాలంటే ఏం చెయ్యాలి? అరవాలి. అందుకే షాపులో టీవీలన్నీ అరిచే మోడ్‌లో ఉంటాయి. వివిడ్, డైనమిక్ అని పేర్లు. ఆకులు ఆకుపచ్చ దాటి చిలకపచ్చ అయిపోతాయి. కొన్ని టీవీలు ఇంటికొచ్చాక కూడా స్టోర్ మోడ్‌లోనే ఉండిపోతాయి, మొదటిసారి ఆన్ చేసేటప్పుడు అడుగుతుంది ఇల్లా, షాపా అని. తొందర్లో ఏదో ఒకటి నొక్కేస్తాం.

మీరు పెట్టుకోవాల్సింది సినిమా మోడ్. కొన్నింట్లో మూవీ, కొన్నింట్లో సినిమా, ఇంకొన్నింట్లో ఫిల్మ్‌మేకర్ మోడ్ అని ఉంటుంది. ఈ ఫిల్మ్‌మేకర్ మోడ్ 2019లో వచ్చింది. టీవీ కంపెనీలు, స్టూడియోలు కలిసి పెట్టుకున్న ఏర్పాటు, దర్శకుడు తీసింది తీసినట్టు చూపించడానికి. పెట్టగానే మీరేమంటారో నాకు తెలుసు. ‘పచ్చగా ఉందండీ, కామెర్లొచ్చినట్టుంది.’ అందరూ అదే అంటారు. మా ఆవిడ కూడా అంది.

పంచెకి నీలిమందు పెడతాం కదా. ఎందుకు? తెల్లగా కనపడాలని. నిజంగా తెల్లబడిందా? లేదు, నీలం కలిసింది, కంటికి తెల్లగా అనిపించింది. టీవీలో కూల్ అనే కలర్ టోన్ ఉంటుంది చూడండి, అది నీలిమందు. షాపు మోడ్‌లో నీలిమందు దట్టించి ఉంటుంది. సినిమాలు రంగులు దిద్దేచోట తెలుపుకి 6500 కెల్విన్ దగ్గర ఒక ప్రమాణం పెట్టుకుంటారు. టీవీలో వార్మ్ అని ఉండేది దానికి దగ్గర. మూడు రోజులు ఓపిక పట్టి అలాగే ఉంచండి. నాలుగో రోజు పాత మోడ్ పెట్టి చూడండి, మీకే అందరూ చలికి నీలుక్కుపోయినట్టు కనిపిస్తారు. నచ్చకపోతే నన్ను తిట్టండి. ఇల్లు తెలుసుగా.

షార్ప్‌నెస్ గురించి ఒక్క మాట. పేరు చూసి మోసపోతాం. షార్ప్‌నెస్ పెంచితే బొమ్మ స్పష్టంగా వస్తుందని వందకి పెట్టేస్తారు. అది కొత్తగా వివరమేమీ తేదు. ప్రతి అంచుకీ కాటుక గీసినట్టు గీత గీస్తుంది. స్క్రోలింగ్ అక్షరాల చుట్టూ తెల్లటి నీడ అన్నానే, అదే ఇది. తగ్గించుకుంటూ రండి, ఆ నీడ మాయమైన చోట ఆపండి. కొన్ని టీవీల్లో అది సున్నా దగ్గర, సోనీ లాంటివాటిలో యాభై దగ్గర ఉంటుంది.

బ్రైట్‌నెస్ ఇంకో మోసం. చాలా టీవీల్లో బ్రైట్‌నెస్ అంటే వెలుగు కాదు, నలుపు ఎంత నల్లగా ఉండాలన్నది. వెలుగు పెంచాలంటే బ్యాక్‌లైట్ పెంచాలి. బ్రైట్‌నెస్ పెంచితే నలుపు బూడిద రంగవుతుంది, బొమ్మ తేలిపోతుంది. కంపెనీని బట్టి పేర్లు మారతాయి, సోనీలో బ్రైట్‌నెస్ అంటేనే వెలుగు, నలుపుకి బ్లాక్ లెవెల్ అని వేరే ఉంది. అందుకని పేరు చూడకండి. చీకటి సీను ఒకటి పెట్టండి. నల్లకోటు వేసుకున్న మనిషి కోటు మడతలు కనపడాలి, వెనక చీకటి మాత్రం చీకటిగానే ఉండాలి. రెండూ కుదిరిన చోట వదిలేయండి. ఎంత మార్చినా కుదరకపోతే హెచ్‌డీఎంఐ బ్లాక్ లెవెల్ అని ఇంకోటి ఉంటుంది, దాన్ని ఆటోలో పెట్టండి. పవర్ సేవింగ్, ఎకో సెన్సర్ కూడా చూసుకోండి. గదిలో లైటు తీసేసరికి టీవీ కూడా మసకబారుతోందంటే అదే పని.

సినిమా సీరియల్లా కనపడుతోందని ఒక కుర్రాడన్నాడు. నిజమే, చాలా సూక్ష్మంగా చూశాడు. సినిమా సెకనుకి 24 బొమ్మలు. కొత్త టీవీలు ఊరుకోవు. రెండు బొమ్మల మధ్య తమకి తోచిన బొమ్మ ఒకటి గీసి దూరుస్తాయి. కదలిక నున్నగా అవుతుంది, కానీ సినిమా పోయి స్టూడియోలో తీసిన సీరియల్ అవుతుంది. ఫైటు సీన్లలో చేతుల చుట్టూ నీటి పొరలాంటిది కనపడుతుంది, చూశారా? ఎల్‌జీలో ట్రూమోషన్, సోనీలో మోషన్‌ఫ్లో, శాంసంగ్‌లో ఆటో మోషన్ ప్లస్ అంటారు. 2018 డిసెంబరులో హాలీవుడ్ హీరో టామ్ క్రూజ్ షూటింగ్ మధ్యలో నిలబడి, దాన్ని ఆపేయండి మహాప్రభో అన్నట్టుగా వీడియో పెట్టాడంటే చూసుకోండి. క్రికెట్‌కి కొంచెం ఉంచుకుంటే ఉంచుకోండి. సినిమాకి ఆపేయండి.

ఇంటర్నెట్ సినిమాల సంగతి అడిగారు. చెబుతాను. అక్కడ నూతి ఇంకా దూరంలో ఉంది.

మొదట మీ ప్లాను చూసుకోండి. మన దేశంలో నెట్‌ఫ్లిక్స్ తీసుకుంటే మొబైల్ ప్లాను 480పీ, బేసిక్ 720పీ, స్టాండర్డ్ 1080పీ. 4కే కావాలంటే ప్రీమియం ఒక్కటే. అమ్మాయి తీసుకున్న బేసిక్ ప్లానుకి టీవీలో 4కే రాలేదని టీవీని తిడితే ఎలా? తరవాత స్పీడు. వాళ్లే చెప్పే లెక్క ప్రకారం 1080పీకి 5 ఎంబీపీఎస్, 4కేకి 15. మా ఇంట్లో వంద ప్లానుందండీ అంటారు. ఉంది, ఎక్కడుంది? రూటరు దగ్గరుంది. రూటరేమో ముందుగదిలో ఇనప బీరువా వెనక. టీవీ బెడ్రూంలో. మధ్యలో రెండు గోడలు. టీవీ దగ్గరికి చేరేసరికి ఎంత మిగులుతుందో టీవీలోనే చూసుకోవాలి. నెట్ తగ్గినప్పుడు పాత రోజుల్లోలా ఆగి గుండ్రంగా తిరగదు ఇప్పుడు. చప్పుడు చెయ్యకుండా బొమ్మ క్వాలిటీ తగ్గించేస్తుంది. పాలల్లో నీళ్లు కలిపినట్టు, మీకు తెలియకుండా. వైఫైలో 2.4, 5 అని రెండు పేర్లు కనపడితే, దగ్గర్లో ఉన్న టీవీకి 5 పెట్టండి. కుదిరితే రూటరు నుంచి లాన్ వైరు లాగేయండి. టీవీల్లో లాన్ చాలావరకు 100 ఎంబీపీఎస్‌దే, అయినా 15 కావాల్సినచోట 100 ఎక్కువే కదా.

ఫోన్‌లో సినిమా పెట్టి, టీవీకి స్క్రీన్ మిర్రర్ చేసి చూసేవాళ్లున్నారు. అలా చెయ్యకండి. అది ఫోన్ తెరని మళ్లీ ఫొటో తీసి పంపినట్టు. టీవీలో యాప్ ఉంటే అందులోనే పెట్టండి, లేకపోతే యాప్ లోపల క్యాస్ట్ గుర్తు నొక్కండి.

ఇంకో ఇంట్లో అమెరికాలో ఉన్న కొడుకు, మనవడి అన్నప్రాశన వీడియో వాట్సాప్‌లో పంపాడు. వాళ్లు ఊళ్లో చుట్టాలందర్నీ పిలిచి టీవీలో వేశారు. మనవడి మొహం గళ్లగళ్లుగా కనపడింది. నాకు రాత్రి తొమ్మిదింటికి ఫోన్, టీవీ పోయిందని. టీవీ పోలేదు తాతగారూ, వాట్సాప్ వీడియోని నలిపి పంపుతుంది. అబ్బాయికి చెప్పి డాక్యుమెంటుగా పంపమనండి అన్నాను. మర్నాడు పంపాడు. ఆయన మళ్లీ ఫోన్ చేసి ఏడ్చినంత పనిచేశారు, పిల్లాడి పెదాల మీద పరమాన్నం మెతుకు కూడా కనపడుతోందని. పాత పెళ్లి క్యాసెట్లు సీడీ చేయించుకున్నవాళ్లకి మాత్రం నేనేం చెప్పలేను. వీసీడీ అంటే 352 బై 288. ఎస్‌డీలో పావు వంతు. దాన్ని చిన్న లాప్‌టాప్‌లో చూసుకోండి, ముచ్చటగా ఉంటుంది.

వైర్లు. మూడు వేల రూపాయల బంగారం పూత హెచ్‌డీఎంఐ వైరు కొంటే రంగులు మెరుస్తాయా అని అడిగారు ఇందాక. మెరవవు. యాంటెన్నా రోజుల్లో సిగ్నల్ తగ్గితే చీమలొచ్చేవి, నీడలొచ్చేవి. డిజిటల్‌లో అలా కాదు. వైరు బాగుంటే బొమ్మ మొత్తం వస్తుంది. బాగోకపోతే మిణుకుమిణుకుమనే చుక్కలొస్తాయి, లేదా బొమ్మే పోతుంది. కొంచెం మసకగా రావడమనేది వైరు చెయ్యదు. రెండు మీటర్లలోపు వైరుకి కొన్ని వందలు పెడితే చాలు. 4కే బాక్సుకైతే ప్రీమియం హై స్పీడ్ అని ఉన్నది తీసుకోండి. దాంతోపాటు టీవీలో ఆ హెచ్‌డీఎంఐ పోర్టుకి పూర్తి బలం ఇచ్చే సెట్టింగు వెతకండి. ఎల్‌జీలో డీప్ కలర్, శాంసంగ్‌లో ఇన్‌పుట్ సిగ్నల్ ప్లస్, సోనీలో ఎన్‌హాన్స్‌డ్ ఫార్మాట్. అది ఆఫ్‌లో ఉంటే 4కే బాక్సు హెచ్‌డీఆర్, అంటే వెలుగుకీ చీకటికీ తేడా ఎక్కువ చూపించే బొమ్మ, ఇవ్వదు.

హెచ్‌డీఆర్ పెట్టగానే బొమ్మ చీకటైపోతోందని కూడా అంటుంటారు. చవక టీవీల్లో నిజమే. ఆ సినిమాలు 1000 నిట్ల వెలుగుకి తయారుచేసినవి చాలా ఉంటాయి, మీ టీవీ దగ్గరున్నది మూడొందలు. అది ఎక్కడ తెస్తుంది? పగలు ఆ సినిమా చూడకండి, అంతే.

వానకాలంలో గళ్లుగా విరిగి ఆగిపోవడం వేరే జబ్బు. డిష్‌కి వచ్చే తరంగాలకి జోరువాన అంటే పడదు. వాన తగ్గితే అదే వస్తుంది. వాన లేకపోయినా విరుగుతోందంటే, బాక్సు మెనూలో సిగ్నల్ స్ట్రెంగ్త్, క్వాలిటీ అని రెండు ఉంటాయి. స్ట్రెంగ్త్ నిండుగా ఉండి క్వాలిటీ తక్కువుంటే డిష్ కాస్త పక్కకి తిరిగినట్టు. కోతుల పని. మేడ మీద వైరు కలిపేచోట తుప్పు కూడా చూడండి. మొన్నొక ఇంట్లో డిష్ కాడకి చీర ఆరేసే తాడు కట్టారు. చీర తడిగా ఉన్నంతసేపూ ఛానెళ్లు రావు, ఆరగానే వచ్చేవి. ఆవిడేమో దయ్యమనుకున్నారు.

చివరగా టీవీని ఎక్కడ పెట్టారన్నది. ఏసీకి పక్కన, హోటల్లోలా ఎత్తులో బిగించేస్తున్నారు. సోఫాలో కూర్చుంటే మీ కన్ను ఎంత ఎత్తులో ఉంటుంది? మూడున్నర అడుగులు. తెర మధ్యభాగం అక్కడికి దగ్గరగా ఉండాలి. ఎల్‌సీడీ ప్యానెళ్లలో రెండు జాతులున్నాయి. వీఏ అనేది నలుపు బాగా ఇస్తుంది కానీ పక్కనుంచీ కిందనుంచీ చూస్తే రంగు తేలిపోతుంది. ఐపీఎస్ పక్కనుంచి చూసినా బాగుంటుంది, చీకట్లో నలుపు కొంచెం బూడిదగా ఉంటుంది. మీది వీఏ అయ్యుండి, దాన్ని గోడమీద దేవుడి పటంలా పెట్టుకుంటే, కింద చాప మీద కూర్చున్నవాళ్లకి వేరే టీవీ కనపడుతుంది. ఎదురుగా కిటికీ ఉందా? తెర వేసుకోండి. టీవీ తెర కాదమ్మా, కిటికీ తెర.

చెప్పిందంతా ఇక్కడ పెట్టి చూపిద్దామని మాస్టార్ని బతిమాలి ఆయన పాత బాక్సూ, ఆ మూడు తీగల వైరూ తెచ్చాను. అదిగో, ఆయన కూడా వచ్చారు, మూడో వరసలో నవ్వుతున్నారు. ఈ టీవీకి ఎడమపక్క పసుపు తీగ పెడతాను, తరవాత హెచ్‌డీఎంఐ పెడతాను, ఛానెల్ ఒకటే. మీరే చూసి చెప్పండి. కాకపోతే ఇది వీఏ ప్యానెల్, పక్కల కూర్చున్నవాళ్లకి రెండూ ఒకేలా తేలిపోయి కనపడతాయి. అందుకని అయిదుగురేసి ముందుకి రండి, సరిగ్గా ఈ గీత దగ్గర నిలబడండి. ఏడడుగులు కొలిచి ముగ్గుతో గీశాను. తొందరేం లేదు, తోసుకోకండి. బాబూ, ఆ పైన ట్యూబులైట్లు రెండు తీసెయ్.